ముసలి ఎలుక నిజంగా మరిచిపోయిందా? – పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

ల్యాబ్ ఎలుకల్లో వయసు, చదువు, జ్ఞాపకం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే అనుమానం చుట్టూ తిరిగాయి. ముసలి ఎలుక పరీక్షలో వెనకబడితే దాన్ని మతిమరుపు అనవచ్చా? ఆ ప్రశ్నకే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: 3 నెలల ఎలుకల్ని, 15 నెలల ఎలుకల్ని పోలుస్తున్నాను. 15 నెలలంటే ముసలివేనని మా గైడ్ గారు అంటారు. పేపర్ చూసిన సమీక్షకులు ఒప్పుకోలేదు. ఎవరి మాట సరైనది? దీన్ని మనిషి వయసులోకి ఎలా మార్చాలి? – పరిశోధక విద్యార్థిని

సమీక్షకుల మాటే సరైనదమ్మా. 15 నెలల ఎలుక నడివయసుది. ఈ రంగంలో ముసలివి అంటే మామూలుగా 22 నుంచి 26 నెలల మధ్యవి. మీ పోలికలో రెండో చిక్కు 3 నెలల గుంపుతో వస్తుంది. ఆ వయసు ఎలుక ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. తేడా కనిపిస్తే అది ముసలితనం వల్ల వచ్చిందో, ఎదుగుదల ముగియడం వల్ల వచ్చిందో తేల్చలేరు. కుర్ర గుంపుకి 6 నెలల వాటిని తీసుకోండి. మీ దగ్గరున్న 15 నెలల గుంపుని మాత్రం వదులుకోకండి. మార్పు ఎప్పుడు మొదలవుతోందో చెప్పగలిగేది అదే.

వయసుతో పాటు జాతి కూడా రాయాలి. ఫిషర్ 344 జాతిలో 24 నెలలు వచ్చేసరికి దాదాపు సగం చచ్చిపోతాయి. అదే ఫిషర్‌కి, బ్రౌన్ నార్వేకి పుట్టిన సంకర ఎలుకలు ఇంకా చాలా నెలలు బతుకుతాయి. కాబట్టి 24 నెలల ఫిషర్, 24 నెలల సంకరం ఒకే ముసలితనంలో ఉన్నట్టు కాదు. చివరికి 12 ఫిషర్ ఎలుకలు మిగలాలంటే 24కి తక్కువతో మొదలుపెట్టకండి. అన్నీ ఒకే కాలనీవి, ఒకే మేత తిన్నవి కావాలి. కుర్రవాటిని ఒక చోట, ముసలివాటిని ఇంకో చోట కొంటే ఆ తేడా కూడా వయసు ఖాతాలోకే వెళ్లిపోతుంది.

మనిషి వయసులోకి మార్చే సూత్రాలను నమ్మకండి. ఎలుక 21 రోజులకు పాలు మానేస్తుంది, రెండు నెలల్లోపే ఈడుకొస్తుంది, రెండు మూడేళ్లు బతుకుతుంది. ఒక్కో దశకు ఒక్కో లెక్క వస్తుంది. నెలల్లోనే రాయండి.

ప్రశ్న: మా వాటర్ మేజ్ (నీళ్ల కింద దాచిన ప్లాట్‌ఫామ్‌ని ఎలుక ఈదుతూ వెతికే పరీక్ష) తొట్టి వ్యాసం 1.2 మీటర్లు, నీళ్లు 20 డిగ్రీలు. ప్లాట్‌ఫామ్ చేరడానికి 24 నెలల విస్టార్ ఎలుకలకు కుర్రవాటికంటే రెట్టింపు సమయం పడుతోంది. నాలుగో ట్రయల్‌కి కొన్ని ఈదడం మానేసి తేలుతున్నాయి. హిప్పోక్యాంపస్ (చోట్లను గుర్తుపెట్టుకోవడానికి అవసరమైన మెదడు భాగం) దెబ్బతిందని రాయవచ్చా? – ఫార్మసీ కళాశాల పరిశోధకుడు

ఇప్పుడే రాయకండి. మీరు చెప్పిన మూడు వివరాల్లోనే మతిమరుపుతో సంబంధం లేని కారణాలు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది చలి. రిచర్డ్ మోరిస్ 1981లో ఈ పరీక్షను ప్రకటించినప్పటి నుంచి దీని బలం ఒకటే: ఎలుకకు ఆకలి పెట్టక్కర్లేదు, షాక్ ఇవ్వక్కర్లేదు, నీళ్లలోంచి బయటపడాలన్న తొందరే దాన్ని వెతికిస్తుంది. కానీ ముసలి ఎలుక ఒంటి వేడిని నిలుపుకోలేదు. 20 డిగ్రీల నీళ్లలో ట్రయల్ ట్రయల్‌కీ దాని ఒళ్లు చల్లబడుతుంది. చల్లబడిన ఎలుక నెమ్మదిగా ఈదుతుంది, సరిగ్గా నేర్చుకోదు కూడా. మీ రికార్డు తీసి ఒకే రోజు మొదటి ట్రయల్‌నీ నాలుగో ట్రయల్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. నేర్చుకునే ఎలుక నాలుగో దాంట్లో మెరుగ్గానో, కనీసం అలాగేనో ఉండాలి. నాలుగోదే బాగా చెడిందంటే ముందు చలిని, అలసటను అనుమానించాలి.

నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచండి. పొద్దున ఒకసారి చూసి ఊరుకోకుండా ప్రతి గుంపుకీ ముందు, తరవాత థర్మామీటర్ పెట్టి రాసుకోండి. బయటికి తీయగానే తువ్వాలుతో ఒత్తి తుడవండి. ఆరబెట్టే పంజరంలో సగం మీదనే వేడి దీపం పడాలి, వేడెక్కువైతే ఎలుక తనంతట తాను పక్కకి జరగగలగాలి. ఒకే ఎలుకకి వరసగా నాలుగు ట్రయల్స్ ఇవ్వకుండా ఆరేడు ఎలుకల్ని వంతులవారీగా తిప్పితే మధ్యలో పది, పదిహేను నిమిషాల విరామం దానంతటదే వస్తుంది.

రెండోది కాళ్లు. ముసలి ఎలుక నెమ్మదిగా ఈదుతుంది. మేత ఎప్పుడూ అందుబాటులో ఉంటే బాగా కొవ్వు పట్టి తేలిగ్గా తేలుతుంది కూడా. అందుకే సమయాన్ని కొలమానంగా తీసుకోకూడదు. ఈదిన దారి పొడవు తీసుకోండి. దాన్ని సమయంతో భాగిస్తే వేగం వస్తుంది, అదీ పట్టికలో ఉండాలి. దారి పొడవు రెండు గుంపుల్లో సమానంగా ఉండి సమయం మాత్రమే రెట్టింపైతే, మీరు కనుక్కున్నది కాళ్ల సంగతి, జ్ఞాపకం సంగతి కాదు. ఇంతకంటే మంచి కొలత మిషెలా గాలగర్ బృందం 1993లో వాడింది. సెకనుకి పదిసార్లు ఎలుక ప్లాట్‌ఫామ్‌కి ఎంత దూరంలో ఉందో కెమెరా లెక్కిస్తుంది, ఆ దూరాల సగటు తీస్తారు. ప్లాట్‌ఫామ్ చుట్టుపక్కలే వెతికి అంగుళంలో తప్పిపోయిన ఎలుకకి, అవతలి గోడ దగ్గర తిరిగిన ఎలుకకి సమయం లెక్కలో ఒకే మార్కు పడవచ్చు. ఈ లెక్కలో అలా జరగదు.

మూడోది కళ్లు. విస్టార్, స్ప్రేగ్ డాలీ, ఫిషర్ 344 అన్నీ తెల్ల ఎలుకలే. వాటికి చూపు పుట్టుకతోనే అంతంతమాత్రం. రెండేళ్లు దీపాల కింద బతికాక రెటీనా ఇంకా దెబ్బతింటుంది. ర్యాక్ పై వరసలో ఉన్న పంజరాలకు వెలుతురు ఎక్కువ పడుతుంది కాబట్టి పంజరాల చోట్లు మారుస్తూ ఉండాలి. చూపు పరీక్ష సులువే. ప్లాట్‌ఫామ్‌ని నీటికి 2 సెంటీమీటర్ల పైకి తెచ్చి, దాని మీద నలుపు తెలుపు చారల జెండా పెట్టి, ప్రతి ట్రయల్‌కీ చోటు మార్చండి. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు, చూసి ఈదడమే. ఇందులోనూ తప్పిన ఎలుకని లెక్కలోంచి తీసెయ్యాలి. ఎంత తప్పితే తీసేస్తారో మాత్రం ప్రయోగానికి ముందే రాసిపెట్టుకోవాలి. ఫలితాలు చూశాక గీసే గీతకి విలువ లేదు. కొత్తగా ఎలుకలు తెప్పించే అవకాశం ఉంటే నల్లటి తల, ముదురు కళ్లు ఉండే లాంగ్ ఎవాన్స్ జాతి ఈ పరీక్షకి మేలు.

మీరు రాయనిది ఇంకోటి ఉంది: భయం. గోడ పట్టుకుని చుట్టూ తిరుగుతూ ఉండే ఎలుక జ్ఞాపకాన్ని వాడే దాకా రాలేదు. వారం రోజులు రోజూ కొన్ని నిమిషాలు చేతిలోకి తీసుకుని అలవాటు చేయండి. అసలు పరీక్షకి ముందు, చివర ప్లాట్‌ఫామ్ ఉన్న తిన్నని ఇరుకు కాలువలో ఒక రోజు ఈదిస్తే ‘నీళ్లలోంచి బయటపడే దారి ఉంది’ అన్న సంగతి అన్నిటికీ తెలుస్తుంది.

1.2 మీటర్ల తొట్టి చుంచెలుకలకి సరిపోతుంది. పెద్ద ఎలుకలకి 1.8 మీటర్లు ఉండాలి. చిన్న తొట్టిలో ఊరికే తిరిగినా ప్లాట్‌ఫామ్ తగులుతుంది, అప్పుడు బాగా నేర్చుకున్నదానికీ నేర్చుకోనిదానికీ తేడా చెరిగిపోతుంది. ప్లాట్‌ఫామ్ 10 నుంచి 12 సెంటీమీటర్ల వెడల్పుతో, నీటికి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల అడుగున ఉండాలి. నీళ్లు కనబడకుండా చేయడానికి పాలపొడి వాడితే రోజూ మార్చాలి, లేకపోతే పులిసి వాసనొస్తుంది. విషం లేని టెంపెరా రంగు మేలు. తెల్ల ఎలుక తెల్ల నీళ్లలో కెమెరాకి చిక్కదు కాబట్టి నల్ల రంగు వేయండి. గోడల మీద గుర్తులు పెద్దవిగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండాలి. ఎలుకకి మీరూ ఒక గుర్తే, కాబట్టి రోజూ ఒకే చోట నిలబడండి.

రోజుకు 4 ట్రయల్స్, వేర్వేరు దిక్కుల నుంచి వదలాలి. ఒక్కోదానికి 90 సెకన్ల గడువు. దొరక్కపోతే చేత్తో దారి చూపి ప్లాట్‌ఫామ్ మీదకి చేర్చి 20, 30 సెకన్లు ఉండనివ్వండి. ఇలా ఐదారు రోజులు చేశాక, ఆఖరి ట్రయల్ తరవాత 24 గంటలకు ప్లాట్‌ఫామ్ తీసేసి ప్రోబ్ ట్రయల్ పెట్టండి. అందులో మొదటి 30 సెకన్లే ముఖ్యం. బాగా నేర్చుకున్న ఎలుక ఆ చోట వెతికి లేదని తెలుసుకుని వేరే చోటికి వెళ్తుంది. మొత్తం నిమిషం సగటు తీస్తే తెలివైన ఎలుకకే తక్కువ మార్కు పడుతుంది.

ఇన్ని దాటాక కూడా ముసలి ఎలుకల దారి పొడవుగానే ఉండి, ప్రోబ్‌లో సరైన చోట వెతక్కపోతే ‘చోటును నేర్చుకునే శక్తి తగ్గింది’ అని ధైర్యంగా రాయండి. హిప్పోక్యాంపస్ మాట మెదడును చూశాకే రాయాలి.

ప్రశ్న: మా ముసలి గుంపులో దాదాపు సగం ఎలుకలు కుర్రవాటితో సమానంగా నేర్చుకుంటున్నాయి, మిగతావి ఘోరంగా ఉన్నాయి. స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి మార్కుల చెదురు) పెరిగి తేడా తేలడం లేదు. బాగా చేసినవాటిని తీసెయ్యమని సలహా ఇస్తున్నారు. – పీహెచ్‌డీ విద్యార్థి

దయచేసి ఆ పని చేయకండి. మీ ప్రయోగంలో అన్నిటికంటే విలువైన ఫలితం అదే. ముసలి లాంగ్ ఎవాన్స్ ఎలుకల్లో అచ్చం ఇలాగే వస్తుంది: కొన్ని కుర్రవాటి పరిధిలోనే ఉంటాయి, కొన్ని దాని బయట పడతాయి. ఒకే కాలనీలో, ఒకే మేత తిని, ఒకే రోజుల్లో ముసలివైన ఎలుకల్లో కొన్నిటికే జ్ఞాపకం తగ్గిందంటే, వయసొక్కటే దానికి కారణం కాదన్నమాట.

కుర్ర గుంపు మార్కుల పరిధిని కొలబద్దగా పెట్టుకుని ముసలివాటిని ‘నిలిచినవి’, ‘తగ్గినవి’ అని విడదీయండి. ముసలి గుంపుని మధ్యకి కోసి పై సగం, కింద సగం చేస్తే అది కృత్రిమమైన గీత. ఆ తరవాత మెదడు కణజాలంలో ఏది కొలిచినా మూడు గుంపుల్లో కొలవండి. ముసలివాటన్నిట్లో కనిపించేది వయసు మార్పు. తగ్గినవాటిలో మాత్రమే కనిపించేదే జ్ఞాపకంతో ముడిపడ్డ మార్పు. ముసలివి ఎనిమిదే ఉంటే ఈ విభజన కుదరదు, గుంపుకి నాలుగే మిగులుతాయి. రెట్టింపు ఎలుకలు కావాలి, ఎథిక్స్ కమిటీ దరఖాస్తులో ఆ సంఖ్యకు కారణంగా ఈ విభజననే రాయండి.

ప్రశ్న: వయసు పెరిగేకొద్దీ మెదడు కణాలు చచ్చిపోతాయనీ, అందుకే మతిమరుపు వస్తుందనీ చదివాం. ఎలుకల్లోనూ అంతేనా? – సైన్స్ ఉపాధ్యాయుడు

మాస్టారూ, చాలాకాలం పరిశోధకులూ అలాగే అనుకున్నారు. దానికి మూలం లెక్కపెట్టిన తీరులో ఉంది. అప్పట్లో పల్చటి ముక్క కోసి, అందులో ఒక చదరపు మిల్లీమీటరుకు ఎన్ని కణాలున్నాయో చూసేవారు. కణజాలం కుంచించుకున్నా, ఉబ్బినా, కణం సైజు మారినా ఆ అంకె మారిపోతుంది. తరవాత స్టీరియాలజీ అనే పద్ధతి వచ్చింది. హిప్పోక్యాంపస్ మొత్తాన్నీ వరస ముక్కలుగా కోసి, నియమం ప్రకారం కొన్ని ముక్కల్ని ఎంచి, వాటి నుంచి మొత్తం సంఖ్యను కడతారు. పీటర్ రాప్, గాలగర్ 1996లో ఇలా లెక్కించారు. కుర్ర ఎలుకలు, జ్ఞాపకం నిలిచిన ముసలివి, తగ్గిన ముసలివి, మూడింట్లోనూ హిప్పోక్యాంపస్‌లోని ప్రధాన న్యూరాన్ల సంఖ్యలో తేడా లేదు.

తగ్గేవి న్యూరాన్ల మధ్య అతుకులు, అంటే సైనాప్సులు. పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి హిప్పోక్యాంపస్‌లోని డెంటేట్ గైరస్, సీఏ3 భాగాలకు వచ్చే దారిలో అవి పల్చబడతాయి. ఉన్న అతుకులు కూడా బలాన్ని నిలుపుకోలేవు. 1979లో క్యారల్ బార్న్స్ ఒక గుండ్రటి బల్లకి అంచు వెంట 18 రంధ్రాలు పెట్టి, ఒకదాని కిందే చీకటి సొరంగం అమర్చారు. వెలుతురంటే ఇష్టపడని ఎలుక ఆ రంధ్రం చోటు గుర్తుపెట్టుకుని దాక్కోవాలి. అవే ఎలుకల హిప్పోక్యాంపస్‌లో కరెంటుతో సైనాప్సుల్ని బలపరిచి చూస్తే, ముసలివాటిలో ఆ బలం తొందరగా జారిపోయింది. ఎందులో ఎక్కువ కాలం నిలిచిందో అదే సొరంగాన్ని బాగా గుర్తుంచుకుంది.

అన్నిటికంటే ఆలోచింపజేసేది 1997 నాటి ఫలితం. హిప్పోక్యాంపస్‌లో చోటు కణాలుంటాయి. ఒక్కో కణం గదిలో ఒక్కో చోట మాత్రమే చురుకవుతుంది, అన్నీ కలిస్తే ఆ గది పటం. ఓకీఫ్, దోస్త్రోవ్‌స్కీ వీటిని 1971లో గుర్తించారు. కుర్ర ఎలుకని గదిలోంచి తీసి మళ్లీ పెడితే అదే పటం తిరిగొస్తుంది. ముసలి ఎలుకలో కూడా చాలాసార్లు అదే వస్తుంది. కానీ అప్పుడప్పుడూ పటం మొత్తం మారిపోతుంది, కొత్త గదిలో ఉన్నట్టే. గదిలో ఉన్నంతసేపూ ఆ తప్పు పటమే స్థిరంగా ఉంటుంది. అంటే పటం చెరిగిపోలేదు, తప్పు పటం బయటికొచ్చింది. వాటర్ మేజ్‌లోనూ ఇదే జాడ కనిపించింది. ఒక ట్రయల్‌లో నేరుగా వెళ్లిన ముసలి ఎలుక మరో ట్రయల్‌లో పూర్తిగా దారి తప్పుతుంది. ఈ రెంటి సగటు తీస్తే ‘మందకొడిగా నేర్చుకుంటోంది’ అనిపిస్తుంది, అసలు సంగతి అది కాదు. అందుకే పరిశోధకులు సగటు గీతతో పాటు ఒక్కో ట్రయల్ దారినీ కంటితో చూడాలి.

సీఏ3 కణాలు ముసలివాటిలో అవసరానికి మించి చురుగ్గా ఉంటాయి. పాత జ్ఞాపకమే బలంగా తోసుకొచ్చి కొత్తది నమోదు కావడం ఆలస్యమవుతుంది. డెంటేట్ గైరస్‌లో కొత్త న్యూరాన్లు పుట్టడం కూడా బాగా పడిపోతుంది.

ప్రశ్న: మాకు తొట్టి, కెమెరా సాఫ్ట్‌వేర్ లేవు. తక్కువ సామగ్రితో ముసలి ఎలుకల జ్ఞాపకాన్ని ఎలా పరీక్షించాలి? – జువాలజీ అధ్యాపకురాలు

కొత్త వస్తువు పరీక్ష పెట్టండి మేడమ్. ఎనాసర్, డెలకూర్ 1988లో చెప్పిన పద్ధతి. ఎలుక కొత్త వస్తువుని ఎక్కువసేపు వాసన చూస్తుందన్న సహజ గుణమే దీనికి ఆధారం. ఈత లేదు, ఆకలి లేదు, ముసలి ఒంటికి శ్రమ లేదు.

60 సెంటీమీటర్ల చదరపు పెట్టె, మసక వెలుతురు, పైన ఒక మామూలు కెమెరా. రెండు మూడు రోజులు ఖాళీ పెట్టెలో పదేసి నిమిషాలు వదిలి అలవాటు చేయండి. పరీక్ష రోజున ఒకేలాంటి రెండు వస్తువులు పెట్టి 5 నిమిషాలు ఇవ్వండి. గాజు, పింగాణీ మంచివి. చెక్క వాసనను పీల్చుకుంటుంది. ఎలుక పడదొయ్యకుండా అడుగున అతికించండి. విరామం తరవాత ఒక పాతది, ఒక కొత్తది. ఆ పాతది కూడా ముందు వాడినదే కాకూడదు, అచ్చం దానిలాంటిదే మూడోది కావాలి, లేకపోతే ఎలుక తన వాసననే గుర్తుపడుతుంది. ప్రతిసారీ 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఏ వస్తువు కొత్తదో, ఏ పక్క ఉందో ఎలుక ఎలుకకీ మార్చండి.

ముక్కు వస్తువు వైపు తిరిగి 2 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడే లెక్క. పైకెక్కి కూర్చున్న సమయం లెక్కకి రాదు. కొత్తదాని మీద గడిపిన సమయంలోంచి పాతదాని సమయం తీసేసి, రెండింటి మొత్తంతో భాగించండి. ముసలి ఎలుకలు కొన్ని నిమిషాల విరామానికి బాగానే చేస్తాయి, 24 గంటలకి తడబడతాయి. రెండు విరామాలూ పెడితేనే, వస్తువును చూడలేకపోవడానికీ గుర్తుపెట్టుకోలేకపోవడానికీ తేడా తెలుస్తుంది.

నిష్పత్తి ఒక్కటే రాసి ఆపకండి, అసలు సెకన్లు కూడా ఇవ్వండి. నిష్పత్తి రెండు విధాలుగా పడిపోవచ్చు. పాతదాన్ని మరిచిపోయి రెండింటినీ కొత్తవాటిలా చూడవచ్చు, లేదా కొత్తదాన్ని కూడా చూసేసినదానిలా వదిలెయ్యవచ్చు. ముసలి ఎలుకలు రెండో తప్పు చేస్తాయని 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. సెకన్లు ఉంటేనే ఇది బయటపడుతుంది.

ప్రశ్న: ఆడ ఎలుకలతో చేయవచ్చా? – ఎమ్మెస్సీ విద్యార్థి

చేయాలి కూడా. 9 నుంచి 12 నెలల మధ్య వాటి ఈస్ట్రస్ (ఎద) చక్రం గతి తప్పుతుంది, తరవాత చాలావాటిలో ఎడతెగని ఈస్ట్రస్ స్థితి వస్తుంది. ఇది స్త్రీల మెనోపాజ్ లాంటిది కాదు. అండాశయంలో ఇంకా అండకోశాలు మిగిలే ఉంటాయి, గతి తప్పడంలో మెదడులో హార్మోన్లను అదుపు చేసే హైపోథాలమస్‌ది పెద్ద పాత్ర. పరీక్షకి ముందు రెండు వారాలు రోజూ ఒకే వేళకి యోని స్మియర్ చూసి ఏ దశలో ఉందో రాసుకోండి. రొమ్ము గడ్డలకోసం వారం వారం తడిమి చూడండి.

ప్రశ్న: మేత మార్చితే, వ్యాయామం చేయిస్తే ముసలి ఎలుకల జ్ఞాపకం తిరిగొస్తుందా? మనుషులకీ పనికొస్తుందా? – పాఠకురాలు

కొంత మెరుగు కనిపించింది. 1999లో 19 నెలల ఫిషర్ ఎలుకలకి 8 వారాలు పాలకూర, స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ సారం కలిపిన మేత పెడితే జ్ఞాపక పరీక్షల్లో బాగుపడ్డాయి. మేరియన్ డైమండ్ బృందం 766 రోజుల వయసున్న ఎలుకల్ని తోటి ఎలుకలతో, ఆటవస్తువులతో నిండిన పెద్ద పంజరంలో పెట్టి 904వ రోజున చూస్తే కార్టెక్స్ (మెదడు పై పొర) మందం పెరిగి ఉంది. అంత ముసలితనంలోనూ మెదడు పరిసరాలకు స్పందించిందంటే అది మామూలు విషయం కాదు. మూర్ఛకి వాడే లెవెటిరాసెటామ్‌ని తక్కువ మోతాదులో ఇస్తే జ్ఞాపకం తగ్గిన ముసలి ఎలుకలు మెరుగయ్యాయని 2010లో తేలింది. సీఏ3 అతి చురుకు మీద పనిచేసే మందు కాబట్టి పైన చెప్పిన కారణానికి ఇది బలం చేకూర్చింది.

మేత తగ్గిస్తే ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతాయని 1935 నుంచీ తెలుసు. జ్ఞాపకం విషయంలో మాత్రం ఫలితాలు ఒక్కలా రాలేదు. పైగా మేత తగ్గించిన ఎలుక సన్నగా ఉండి వేగంగా ఈదుతుంది. సమయం మాత్రమే కొలిస్తే వేగమే జ్ఞాపకంలా కనబడుతుంది. తిండి ఆశ చూపే పరీక్షల్లో ఆకలి కూడా తోడవుతుంది. ఎలుకలకి ఇచ్చిన మోతాదుల్ని బరువుతో హెచ్చించి ఇంట్లో వాడటం ప్రమాదం. ముఖ్యంగా మూర్ఛ మందుల్ని డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు.

ప్రశ్న: పరీక్ష మధ్యలో ఒక ముసలి ఎలుక చిక్కిపోయింది, తల ఒక పక్కకి వాలుతోంది. దాని ఫలితాలు ఉంచాలా, తీసెయ్యాలా? – పరిశోధక విద్యార్థి

ముందు పరీక్ష ఆపి పశువైద్యుడికి చూపించండి. తల వాలడం చెవి లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ కావచ్చు. ముసలి ఎలుకల్ని వారానికొకసారి, పరీక్ష రోజుల్లో రోజూ తూచాలి. బరువు పదో వంతు పడిపోయినా, కళ్ల చుట్టూ ఎర్రటి పక్కు కట్టినా, వెనక కాళ్లు ఈడ్చినా అది పరీక్షకి పనికిరాదు.

బయటికి ఆరోగ్యంగా కనబడ్డవాటిని కూడా చివర్లో తెరిచి చూడాలి. ఫిషర్ జాతిలో ప్లీహం ఉబ్బితే లుకేమియా అనుమానించండి. మూత్రపిండాలు, వృషణాలు చూడండి. మెదడు తీశాక పుర్రె అడుగున పిట్యూటరీని చూడటం మరవకండి, అది పెరిగితే పైనున్న మెదడుని నొక్కేస్తుంది. చూసేవారికి ఆ ఎలుక మార్కులు తెలియకూడదు. జబ్బు తేలినవాటిని, బాగా చేసినా చేయకపోయినా, తీసెయ్యండి. ఎన్నిటిని, ఏ కారణానికి, ఏ గుంపులోంచి తీశారో పేపర్‌లో పద్ధతుల విభాగంలోనే రాయండి.